బ్లీచింగు వేస్తే పురుగుమందు పోతుందా?

మార్కాపురం యెండ సంగతి అనుభవించినవారికి చెప్పనక్కరలేదు. అనుభవించనివారికి చెప్పినా నమ్మరు. ఏప్రిల్ నెలలో మా అక్కయ్యను చూడటానికి వెళ్లాను. గుమ్మంలో చెప్పులు విడుస్తూ వుండగానే వీధి చివర టాంకరు హారను మోగింది. "కూర్చోరా, యిప్పుడే వస్తా" అంటూ అక్కయ్య రెండు బిందెలు తీసుకుని పరుగెత్తింది. డెబ్భయి యేళ్ల మనిషి! ఆ పరుగు చూసి సిగ్గేసి నేనూ రెండు క్యాన్లు పట్టుకుని వెంటపడ్డాను.

వీధి వీధంతా అక్కడే వుంది. పైపు వదలగానే నీళ్లతోపాటు బ్లీచింగు వాసన గుప్పుమన్నది.

"వాసన బాగా వస్తోంది, యివాళ భయం లేదు" అన్నది అక్కయ్య తృప్తిగా.

పక్కింటావిడకు ఆ తృప్తి లేదు. "యెక్కడ పట్టావయ్యా యీ నీళ్లు?" అని టాంకరు కుర్రవాణ్ణి నిలదీసింది.

"మిరపతోట బోరు దగ్గరండీ."

"మిరపతోటా! వారం తిరక్కుండా మందు కొట్టే చోటి నుంచా మా పిల్లలకు నీళ్లు?"

కుర్రవాడు జవాబు చెప్పలేదు. అక్కయ్య నా వేపు తిరిగింది. ముప్ఫయి యేళ్లు కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పిన తమ్ముడు పక్కన నిలబడి వుండగా సందేహమెందుకు?

"ఏరా, బ్లీచింగు వేస్తే పురుగుమందు పోతుందా?"

"పోతుందక్కయ్యా. క్లోరిన్ తగిలినదాన్నల్లా విరగ్గొట్టేస్తుంది" అన్నాను, పాఠం అప్పజెప్పినట్టు. పక్కింటావిడ ముఖం విప్పారింది. "అన్నయ్యగారు చెప్పారంటే యింకేం" అని బిందె నింపుకుని వెళ్లిపోయింది.

ఆ రాత్రి డాబా మీద పడుకున్నాను గాని నిద్ర పట్టలేదు. దోమలు కారణం కాదు. నేను చెప్పింది సగమే నిజం. ఆ రెండో సగం నాకు తెలుసు. తెలిసి కూడా, నీళ్ల దగ్గర నిలబడిన నలుగురు ఆడవాళ్ల ముందు తడుముకోవడం యిష్టం లేక, గబుక్కున వొక ధైర్యం చెప్పేశాను. ఆ ధైర్యాన్ని నమ్మి పిల్లలకు నీళ్లు పోస్తున్నారు.

ముందు క్లోరిన్‌కు దక్కవలసిన గౌరవం దక్కనిద్దాం. నీళ్లలో బ్లీచింగు పౌడరు కలిపితే హైపోక్లోరస్ ఆమ్లం అనే పదార్థం పుడుతుంది. కలరా, టైఫాయిడ్ క్రిముల పొర దాటి లోపలికి పోయి వాటి పని పట్టేది యిదే. 1908లో అమెరికాలో జెర్సీ సిటీ వారు ఊరంతటికీ నిత్యం క్లోరిన్ కలిపిన నీళ్లు యివ్వడం మొదలుపెట్టారు. ఆ తరువాత యీ పద్ధతి కాపాడిన ప్రాణాలకు లెక్క కట్టడం కష్టం. అది కూడా యెంత కొంచెంతో! తేట నీళ్లయితే 1,000 లీటర్లకు మంచి బ్లీచింగు పౌడరు రెండున్నర గ్రాములు చాలు. అంటే 5,000 లీటర్ల టాంకరుకు పన్నెండున్నర గ్రాములు. కలిపాక అరగంట నుంచి గంట దాకా ఆగాలి. మన కొళాయి దగ్గరకు వచ్చేసరికి లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ యింకా మిగిలి వుండాలని నియమం. టాంకరు కుర్రవాళ్లు తూకం చూడరు, గుప్పెట చూస్తారు. మూతి విప్పి వుంచిన బస్తాలో పౌడరు వారాల్లో సత్తువ కోల్పోతుంది గనక ఆ గుప్పెడు కూడా ఒకనాడు ఎక్కువ, ఒకనాడు తక్కువ.

మన పడమటి ప్రకాశం బోర్ల నీళ్లకు యింకో గుణం వుంది. అవి ఉప్పనివి, కాస్త క్షారం పాలు యెక్కువైనవి. ఆమ్లక్షారాల కొలతలో 7.5 దగ్గర వున్న నీళ్లలో వేసిన క్లోరిన్‌లో సగం మాత్రమే యీ చురుకైన ఆమ్లంగా వుంటుంది, 8.5కు పోతే పదో వంతే. అంచేత వాసన రావడం వేరు, పని జరగడం వేరు.

ఇక ఫ్లోరైడు సంగతి క్లోరిన్‌కు అసలు పట్టదు. యీ ప్రాంతపు పళ్ల గార, వంగిన యెముకల గురించి లోకానికి మొదట చెప్పింది 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు. అప్పట్లో యీ చుట్టుపక్కల పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలో వుండేవి. అప్పటినుంచి సాగరు కాలువ నీళ్ల కోసం కళ్లు కాయలు కాచాయి. 1996లో శంకుస్థాపన చేసిన వెలిగొండ పేరు చెప్పుకుంటూ ఒక తరం ముసలిదయింది. ఆ మధ్యకాలంలో వేసవి గడిచేది టాంకర్ల మీదనే. టాంకరు నిండేది పొలం బోరు దగ్గర. కనుక పక్కింటావిడ ప్రశ్న వట్టి చాదస్తం కాదు.

మర్నాడు రైలెక్కి గిద్దలూరు వెళ్లాను. మా మేనత్త కొడుక్కు అక్కడ పత్తి, మిరప, కంది వున్నాయి. ఆయన బోరు నీళ్లు కూడా వేసవిలో టాంకర్లకు పోతాయి. తర్లుపాడు, కంభం దాటుతుంటే కిటికీలోంచి పొలాలు చూస్తూ నేను మరిచిపోయిన పాఠం మళ్లీ నెమరు వేసుకున్నాను. మీకూ చెబుతాను, కష్టమేమీ కాదు.

పురుగుమందులన్నీ ఒక కులం కాదు. డి.డి.టి., ఎండోసల్ఫాన్ వంటి పాతకాపులు క్లోరిన్‌ను లక్ష్యపెట్టవు. క్లోరిన్ వాటి ఒంట్లోనే వుంది. యింకొంచెం క్లోరిన్ వచ్చి వాటిని చేసేదేముంది? ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీం కోర్టు ఆపించింది గనక ఆ బెడద తగ్గింది. కొన్ని మందులు మాత్రం క్లోరిన్ తగలగానే నిజంగానే విరిగిపోతాయి. కలుపు మందు గ్లైఫోసేటు అల్లాంటిది. 2023లో నిషేధించేదాకా పత్తికి కొట్టిన మెథోమిల్ కూడా అంతే. నేను టాంకరు దగ్గర చెప్పిన సగం నిజం వీటికే చెల్లుతుంది.

తిరకాసంతా భాస్వరపు మందుల దగ్గర వుంది. క్లోరిపైరిఫాస్, క్వినాల్‌ఫాస్, మలాథియాన్, ట్రయజోఫాస్ — రైతులకు యివి నోటికి వచ్చిన పేర్లే. వీటి అణువు నడుమ భాస్వరం కూర్చుని వుంటుంది. దాని పక్కనే గంధకం. యీ గంధకం వున్నంతసేపూ మందు ఒరలో కత్తి. అది పురుగు ఒంట్లోకి దిగాక, పురుగు శరీరమే ఆ గంధకాన్ని తీసేసి దాని స్థానంలో ప్రాణవాయువును, అదే ఆక్సిజన్‌ను, కూర్చోబెడుతుంది. కత్తి ఒర దూసినట్టే. అలా మారిన పదార్థాన్ని ఆక్సాన్ అంటారు. నరాలలో ఒక కబురు అందగానే దాన్ని తుడిచేసే ఎంజైము ఒకటి వుంటుంది. ఆక్సాన్ దాన్ని పట్టుకుని కదలనివ్వదు. కబురు మీద కబురు పేరుకుపోయి పురుగు గిలగిల కొట్టుకుని చస్తుంది. మోతాదు మించితే మనిషికీ అదే గతి: చెమట, చొంగ, కంటిపాప చిన్నదవడం, ఫిట్లు. అందుకే ఆసుపత్రిలో అట్రోపిన్ యిస్తారు. మన కాలేయం కూడా యీ మార్పు చేస్తుంది గాని, వెంటనే విరగ్గొట్టే పనీ అదే చేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. పురుగు కడుపులో జరిగే ఆ పనినే బిందెలో క్లోరిన్ చేస్తుంది! గంధకాన్ని లాగేసి ఆక్సిజన్‌ను పెడుతుంది. క్లోరిపైరిఫాస్ కాస్తా క్లోరిపైరిఫాస్ ఆక్సాన్ అవుతుంది. మలాథియాన్ మలాక్సాన్ అవుతుంది. నరాల ఎంజైమును పట్టడంలో క్లోరిపైరిఫాస్ కంటే దాని ఆక్సాన్ పదిరెట్లకు పైగా ఘాటైనదని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ లెక్క. వారు తాగునీటిలో ప్రమాదం అంచనా కట్టేటప్పుడు క్లోరిన్ కలిపిన నీళ్లలో క్లోరిపైరిఫాస్ అంతా ఆక్సాన్‌గా మారిపోయినట్టే లెక్క వేస్తారు.

ఆ ఆక్సాన్ శాశ్వతం కాదు. అది మళ్లీ రెండుగా విరిగి నరాల జోలికి పోని ముక్కలవుతుంది. అయితే మారడం నిమిషాల నుంచి గంటల పని. విరగడం రోజుల పని. క్షారం యెక్కువైన నీళ్లలో కాస్త తొందరగా విరుగుతుంది. కాని టాంకరు నీళ్లు మనం రోజుల తరబడి నిలవపెట్టం గదా! పొద్దున పట్టినవి సాయంత్రానికి అయిపోతాయి. అంటే ఒర దూసిన కత్తి ఒరలోకి పోకముందే నీళ్లు గొంతు దిగుతాయి.

ఇది విన్నాక మా బావ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఏలూరులో ఆనాడు జరిగింది యిదేనా బావా? బ్లీచింగు యెక్కువై ఫిట్లు వచ్చాయని అనుకున్నారు గదా" అని అడిగాడు.

అనుకున్నమాట నిజమే. 2020 డిసెంబరు 5 నుంచి ఏలూరులో జనం ఉన్నట్టుండి పడిపోయారు. మూర్ఛ, నురగ, కొద్ది నిమిషాల్లో మళ్లీ మామూలు మనిషి. కొద్ది రోజుల్లో ఆరువందల మందికి పైగా ఆసుపత్రికి చేరారు. ఒక ప్రాణం పోయింది. అది కరోనా కాలం. వీధులన్నిటా బ్లీచింగు చల్లుతున్న రోజులు. తొలి అనుమానం క్లోరిన్ మీదికే పోయింది. ఢిల్లీ ఎయిమ్స్ వారికి రోగుల రక్తంలో సీసం, నికెలు కనిపించాయి. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వారికి ట్రయజోఫాస్ జాడ దొరికింది. ఆ నెలలోనే నిపుణులు ముఖ్యమంత్రికి చెప్పిన మాట, పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని. అవి యే దారిన ఒంట్లోకి పోయాయన్నది మాత్రం అప్పటికి తేలలేదు. విచిత్రమేమంటే, ట్రయజోఫాస్ వాడకం ఆగిపోవాలని 2018లో కేంద్రం పెట్టిన గడువు సరిగ్గా ఆ డిసెంబరు 31. ట్రయజోఫాస్ కూడా గంధకం వున్న మందే.

"ఏలూరులో క్లోరిన్ యీ పని చేసిందని నేననను. యెవరూ ఋజువు చేయలేదు. కాని ఆ వూరు చూసిన తరువాత, పురుగుమందు, మంచినీళ్లు అన్న రెండు మాటలు ఒకచోట వినబడితే నిర్లక్ష్యంగా జవాబు చెప్పకూడదు. నిన్న నేను చెప్పాను" అన్నాను.

"అయితే మా బోరులోకి మందు దిగిందంటావా? నాలుగువందల అడుగుల లోతు!"

అతని ప్రశ్న న్యాయమైనదే. క్లోరిపైరిఫాస్ నీళ్లలో కరిగేది బహు తక్కువ. మట్టిని గట్టిగా పట్టుకుని వుంటుంది. ఆకు మీద కొట్టిన మందు నేలలో యింకి అంత లోతుకు దిగడం అంత తేలిక కాదు. మోనోక్రోటోఫాస్ అల్లా కాదు, నీళ్లలో యెంతైనా కరుగుతుంది. దానిలో గంధకం లేదు, అది మొదటినుంచీ ఒర లేని కత్తే. కూరగాయల మీద దాన్ని యెప్పుడో 2005లోనే నిషేధించారు. 2023లో మనవాళ్లు వాడే 36 శాతం ద్రావణాన్నీ ఆపారు. నేల గుండా దిగేది కొంచెమే అయినప్పుడు యిక భయమెక్కడ అంటే, మందు కలిపే చోట.

బావ నన్ను బోరు దగ్గరకు తీసుకువెళ్లాడు. అక్కడ చూసిన దృశ్యం మీలో వ్యవసాయం వున్నవారికి కొత్త కాదు. బోరు కేసింగుకు బారెడు దూరంలో రెండువందల లీటర్ల డ్రమ్ము. అందులో మందు కలిపి తైవాన్ పంపుల్లో పోసుకుంటారు. డ్రమ్ములోకి బోరు పైపు అడుగంటా దిగి వుంది. చుట్టూ ఖాళీ సీసాలు, మూతలు. మందు ఒలికిన చోట నేల తెల్లగా మచ్చ కట్టింది.

"కరెంటు పోతే యేమవుతుంది?" అన్నాను.

"మోటారు ఆగిపోద్ది."

"పైపులో నీళ్లు?"

"వెనక్కి..." అని ఆగిపోయాడు. మోటారు ఆగగానే పైపులో నీళ్లు బోరులోకి జారతాయి. జారుతూ జారుతూ డ్రమ్ములో వున్నదాన్నీ లాక్కుపోతాయి, మనం నోటితో పైపు పీల్చి డబ్బాలోంచి కిరసనాయిలు తీసినట్టు. అడుగున వాల్వు గట్టిగా వుంటే ఆగుతుంది. అరిగిపోయి వుంటే ఆగదు. ఆ బోరు నీళ్లే గంట తరువాత టాంకరెక్కుతాయి.

అక్కడే ఒక సిగరెట్ పెట్టె మీద లెక్క వేసి చూపించాను. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం క్లోరిపైరిఫాస్ లీటరుకు 30 మైక్రోగ్రాములు మించకూడదు. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షల వంతు. 20 శాతం మందు సీసా మూతెడు, అంటే 10 మిల్లీలీటర్లు, బోరులో పడితే అందులో అసలు మందు సుమారు రెండు గ్రాములు. అది 66 వేల లీటర్ల నీళ్లను హద్దుకు చేరుస్తుంది. పదమూడు టాంకర్లు! మోనోక్రోటోఫాస్‌కు హద్దు ఒక్క మైక్రోగ్రామే. అదే మూతెడు 36 శాతం మందుకు ఏడువందల టాంకర్లు చాలవు. బావ ఆ పెట్టె జేబులో వేసుకున్నాడు. సిగరెట్లు నావి కావు సుమా, పాలేరువి.

మన ప్రమాణపు పట్టికలో పద్ధెనిమిది మందుల పేర్లున్నాయి. డి.డి.టి. దగ్గర దాని నుంచి పుట్టే పిల్ల పదార్థాలను కూడా కలిపి చూడమన్నారు. భాస్వరపు మందుల దగ్గర మాత్రం ఆక్సాన్ల ఊసు లేదు. క్లోరిన్ కలిపిన తరువాత నీళ్లు పరీక్షకు పంపి క్లోరిపైరిఫాస్ కోసం వెదికితే "లేదు" అని రావచ్చు. అది వేషం మార్చుకుని పక్కనే కూర్చుని వుంటుంది. జపాను వారు యీ కిటుకు కనిపెట్టి, తమ నీటి నియమాల్లో అసలు మందునూ ఆక్సాన్‌నూ కలిపి లెక్క కట్టమన్నారు. మనవాళ్లు ఆ ఒక్క వాక్యం చేర్చుకుంటే ఖర్చేమిటో నాకు బోధపడదు. ఊళ్లలో తిప్పే పరీక్ష పెట్టెలు ఫ్లోరైడు, క్లోరిన్, నైట్రేటు చెబుతాయి గాని పురుగుమందు చెప్పవు. దానికి పెద్ద ప్రయోగశాల యంత్రాలు కావాలి. యీ క్లోరిపైరిఫాస్‌ను 2025లో స్టాక్‌హోం ఒప్పందం వారు కొన్ని మినహాయింపులతో వదిలించుకోవలసిన మందుల జాబితాకెక్కించారు. జాబితాకెక్కడం వేరు, కొట్టంలో మూల వున్న సీసా ఖాళీ కావడం వేరు.

మరి యింట్లో యేం చేయాలి? కాచితే క్రిములు చస్తాయి గాని కాచడం పురుగుమందుకు విరుగుడు కాదు. గుడ్డ వడపోత చెత్తకే. పనికివచ్చేది ఉత్తేజిత బొగ్గు, ఫిల్టర్లలో పోసే నల్లని గుళికలు. మందునూ, ఆక్సాన్‌నూ రెంటినీ అది తనలో పట్టి వుంచుతుంది. వంటింటి కుంపటి బొగ్గుకు అంత శక్తి లేదు. బొగ్గు క్లోరిన్‌ను కూడా మింగేస్తుంది. అందుచేత పెద్ద నీటి పథకాల్లో వరస ముఖ్యం: ముందు బొగ్గు, తరువాత క్లోరిన్. యింట్లో అయితే బొగ్గు దాటిన నీళ్లకు కాపలా వుండదు. మూత పెట్టి ఆ రోజుకారోజు తాగెయ్యాలి. ఆర్.ఓ. మిషన్లలో ముందు బొగ్గు గొట్టం వుంటుంది, తరువాతి పొర ఫ్లోరైడునూ పడుతుంది. కాని నిండిపోయిన బొగ్గు వట్టి నల్లమట్టి. దాన్ని మార్చేవారు యెందరు?

ఇదంతా విని క్లోరిన్ మానేద్దామనుకునేరు! అంతకంటే తెలివితక్కువ పని లేదు. పురుగుమందు వుండవచ్చునేమోనన్న నీళ్లలో కలరా కూడా వుండనిస్తామా?

సాయంత్రం బండికి వచ్చేముందు బావ డ్రమ్మును బోరుకు దూరంగా, పల్లపు వేపుకు దొర్లించాడు. పైపు చివర కోసి, డ్రమ్ము అంచుకు జానెడు పైన వేలాడేటట్టు కర్రకు కట్టాడు. మధ్యన గాలి వుంటే నీళ్లు వెనక్కి పీల్చలేవు. పైసా ఖర్చు లేదు. "టాంకర్లు నిండే రోజున యిక్కడ మందు కలపం" అని పాలేరుకు చెప్పాడు. వాల్వు మార్పించడానికి మెస్త్రీకి ఫోను చేస్తే వాడు వారం గడువు పెట్టాడు. వారం పాటు టాంకరుకు నీళ్లివ్వనని బావ అన్నాడు. అందులో అతనికి పోయే డబ్బెంతో నేనడగలేదు.

మార్కాపురం చేరి అక్కయ్యకు ఉన్న సంగతి చెప్పాను. ఆవిడ అంతా విని, "మరి నిన్ననే తెలియదని చెప్పలేకపోయావా?" అన్నది.

"తెలుసు. ఆలోచించకుండా చెప్పాను."

"అయితే నువ్వే వెళ్లి ఆవిడకు చెప్పు."

వెళ్లాను. పక్కింటావిడ కుర్చీ వేసింది, మజ్జిగ యిచ్చింది, నేను చెప్పిందంతా మధ్యలో ఒక్క మాట అనకుండా విన్నది. "మా మిషనులో బొగ్గు గొట్టం మార్చి యెన్నాళ్లయిందో మావారికీ తెలియదండీ" అని లోపలికి చూసి కేక పెట్టింది.

నేను వచ్చేసే రోజుకు అక్కయ్య వంటింట్లో ఫిల్టరు పక్కన ఒక మేకు దిగింది. దానికి వూరి సరుకే, ఒక మార్కాపురం పలక, వేలాడుతోంది. పలక మీద బలపంతో బొగ్గు మార్చిన తేదీ, దాని కింద మళ్లీ మార్చవలసిన తేదీ. ఆ కిందనే యింకో వరస: "టాంకరు — యెవరి బోరు?" దాని యెదురుగా ఆ పూట వచ్చిన తోట పేరు రాసి వుంది.